ఆదివారం ఇల్లు: నాన్నకి కళ్లద్దాలు వచ్చాయి

చిహారు నోటి వెంట వచ్చిన ఒక్క మాట దగ్గర ఉన్నాం మనం. బొమ్మరింటి ముందు బోర్లా పడుకున్న ఆ పదేళ్ల పిల్ల, మగబొమ్మను తీసి రైలుపెట్టెలో కూర్చోబెడుతూ, "నాన్నకి ఇప్పుడు కళ్లద్దాలు వచ్చాయి" అంది. పక్కన చతికిలబడి ఉన్న హిసాయెకి ఒళ్లు జలదరించింది. చిహారు తండ్రి యసుహికో బతికి లేడు. ఆరేళ్ల కిందట సముద్రం లేచి కసాహమా ఊరి మీద పడ్డ రోజున పోయాడు. శవం దొరకలేదు. ఖాళీ కలశానికే కర్మకాండ జరిపించారు. పోయినవాడికి జుట్టు నెరవదు, పొట్ట పెరగదు, చూపు మందగించదు. మరి కళ్లద్దాలెలా వస్తాయి?

అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లు ప్రశ్నలు వేయకూడదు. అమ్మనో నాన్ననో ఆ రోజు పోగొట్టుకున్న పిల్లలు నెలకు రెండుసార్లు వచ్చే చోటు అది. గుండ్రంగా కూర్చుని తమ పేరూ, పోయినవాళ్ల పేరూ చెప్పుకుంటారు. చెప్పాలని లేకపోతే "దాటేస్తున్నా" అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. ఆ తరవాత ఆడుకుంటారు. ఏడుపొస్తే ఏడుస్తారు. కోపమొస్తే మెత్తల గదిలోకి పోయి ఇసుకమూటను చావబాదుతారు. వాళ్ల పక్కన ఊరికే ఉండటమే హిసాయెలాంటి వాలంటీర్ల పని. "పిల్ల విసిరిన బంతిని పట్టుకుని అదే బంతి తిరిగివ్వాలి. మన జేబులోంచి కొత్త బంతి తీయకూడదు" అని ఆ ఇంటిని నడిపే సెత్సుకో గారు శిక్షణ రోజున చెప్పింది. నాలుగేళ్లుగా హిసాయె ఆ మాట జవదాటలేదు. వారమంతా బడిపిల్లలకు మధ్యాహ్నభోజనం వండే చేతులు ఆదివారం ఖాళీగా ఉంటే తోచదని చేరిన మనిషి, ఇప్పుడు పిల్లలందరికీ ఎలుగత్త అయిపోయింది. కుమగాయ్ అనే ఆమె ఇంటిపేరులో 'కుమ' అంటే వాళ్ల భాషలో ఎలుగుబంటి మరి.

కాబట్టి ఎలుగత్త అదే బంతిని తిరిగిచ్చింది.

"నాన్నకి ఇప్పుడు కళ్లద్దాలు వచ్చాయా."

"ఊఁ. నల్ల ఫ్రేము. పేపరు చదివేటప్పుడే పెట్టుకుంటాడు. మిగతాప్పుడు చొక్కాకి తగిలించుకుంటాడు."

చిహారు బొమ్మను సర్ది, రైలుపెట్టె తలుపు జాగ్రత్తగా మూసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎలుగత్తా, ఇక్కడికి నాన్న నిజంగా పోయిన పిల్లలే రావాలా?"

"నిజంగా పోయిన పిల్లలే రావాలా అని అనిపిస్తోందా నీకు?"

"ఏం లేదులే" అంటూ చిహారు లేచిపోయింది.

ఆ సాయంత్రం వీడ్కోలు చెప్పుకునేటప్పుడు పిల్లలందరూ మళ్లీ గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకున్నారు. చిహారు పక్కన ఎప్పటిలాగే రెంకా కూర్చుంది. అమ్మా నాన్నా ఇద్దరూ పోయిన పిల్ల అది. రెంకా చెయ్యి చాపితే చిహారు తన చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్లో దాచుకుంది. తన వంతు వచ్చేసరికి "దాటేస్తున్నా" అంది. రెండేళ్లలో చిహారు దాటేయడం అదే మొదలు.

పిల్లల్ని తీసుకుపోవడానికి పెద్దవాళ్లు వచ్చారు. చిహారు తల్లి యుకారి వాకిట్లో గొడుగు మడుస్తూ నిలబడింది. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని, ముప్పై ఆరేళ్ల మనిషి, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు వంగి ఉంటుంది. హిసాయె చెప్పులు సర్దుతున్నట్టు నటిస్తూ దగ్గరికి వెళ్లి, "ఈమధ్య చిహారు వాళ్ల నాన్న గురించి ఎక్కువగా మాట్లాడుతోంది యుకారీ" అంది.

యుకారి చేతిలోంచి గొడుగు జారి నేలమీద పడింది.

"అలాగా" అంది, వంగి గొడుగు తీసుకుంటూ. "చిన్నపిల్ల కదండీ." అంతే. కూతురి చెయ్యి పట్టుకుని, లోపల సెత్సుకో గారికి చెప్పకుండానే వెళ్లిపోయింది.

పిల్లలు వెళ్లాక వాలంటీర్లు టీ తాగుతూ ఆ రోజు సంగతులు చెప్పుకోవడం ఆనవాయితీ. అందరూ లేచాక హిసాయె సెత్సుకో గారి దగ్గరే ఆగిపోయింది. విన్నదంతా చెప్పింది. సెత్సుకో గారికి అరవై అయిదు దాటాయి. చంటిపిల్లల టీచరుగా పని చేసినావిడ, ఎంత మాటకీ తొణకదు.

"హిసాయే, పిల్లలు పోయినవాళ్లని తమతోపాటు పెంచుకుంటారు. వాళ్ల నాన్న బతికుంటే నలభై వచ్చేవి, కళ్లద్దాలు పెట్టుకునేవాడు అని ఊహించుకుంటుంది. మంచిదే కదా."

"పెంచుకుంటారు, కాదనను. కానీ చొక్కాకి తగిలించుకుంటాడు అన్న మాట ఊహలోంచి రాదండీ. అది చూసి చెప్పే మాట."

"సరే, చూసిందే అనుకుందాం. ఎవర్ని చూసింది?"

"అదే నాకు తెలియాలి. యుకారి ఎవరినో తెచ్చుకుని ఆ పిల్ల చేత నాన్నా అనిపిస్తోందేమో. ఇంకెవడైనా పిల్లని మాయచేస్తున్నాడేమో. రోజులు బాగోలేవు."

"అలా అయితే వచ్చే ఆదివారం తల్లిని పిలిచి, మనిద్దరం కూర్చుని మాట్లాడదాం. పద్ధతి అది. ఈలోగా నువ్వు వాళ్లింటికి పోవద్దు."

హిసాయె టీ గిన్నె కడుగుతూ ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఏముందో సెత్సుకో గారికి అర్థమైనట్టుంది.

"ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు వెళ్లాలనుకుంటున్నది ఆ పిల్ల కోసమా, మొరియో కోసమా?"

హిసాయె చేతిలో గిన్నె ఆగిపోయింది.

మొరియో ఆమె భర్త. వడ్రంగి. ఊళ్లో అగ్నిమాపకదళానికి స్వచ్ఛందంగా పని చేసేవాడు. ఆ రోజు భూమి కంపించగానే, సముద్రపు గోడకున్న ఇనపతలుపులు మూయాలంటూ తలకి హెల్మెట్ పెట్టుకుని పరిగెత్తాడు. తలుపులు మూసుకున్నాయి. మొరియో తిరిగి రాలేదు. అతని శవమూ దొరకలేదు. దొరకనివాళ్ల ఇళ్లలో ఉండే రోగం ఒకటుంది. సందు చివర ఎవరైనా దగ్గితే చెవి అటే పోతుంది. ఆ రోగం తనకు నయమైందనే హిసాయె అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు చిహారు మాటతో అది తిరగబెట్టింది. పోయాడన్న యసుహికో ఎక్కడో పేపరు చదువుకుంటూ ఉంటే, పోయాడన్న మొరియో ఎందుకు ఉండకూడదు?

"పిల్ల కోసమే" అంది హిసాయె. తన గొంతు తనకే నమ్మకంగా వినపడలేదు.

ఆ రెండు రోజులూ ఆమె పని చేసిందన్న మాటేగానీ మనసు చేతుల్లో లేదు. బడి వంటశాలలో ముల్లంగి తరుగుతూ వేలు కోసుకుంది. దుకాణంలో యుకారి కనిపిస్తే బుట్టలో ఏముందో తొంగి చూసింది. బస్సులో కళ్లద్దాల మగవాడు ఎక్కితే వాడి చొక్కా వంక చూసింది. ఎవరిని చూసినా అనుమానమే. అనుమానం ఉప్పుగాలి లాంటిది, తలుపులెన్ని వేసినా లోపలికి వచ్చి కూర్చుంటుంది.

బుధవారం బడికీ ఫ్యాక్టరీకీ సెలవు. చిహారు బ్యాండు సాధనకు బడికి వెళ్తుందని హిసాయెకి తెలుసు. సంచీలో నాలుగు ఆపిల్ పళ్లు వేసుకుని, నిర్వాసితుల కోసం కొండమీద కట్టిన భవనం దగ్గరికి నడిచింది. సెత్సుకో గారి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా లిఫ్టు బొత్తాం నొక్కింది.

తలుపు తీసిన యుకారి ముఖం పాలిపోయింది. "హిసాయె గారా, చిహారుకి ఏమైనా..."

"ఏం కాలేదమ్మా. ఇటు వచ్చాను, ఓసారి మీవారికి దణ్ణం పెట్టుకుని పోదామని."

కాదనడానికి వీల్లేని మాట అది. యుకారి పక్కకి తప్పుకుంది.

రెండు గదుల ఇల్లు. వెనక గదిలో పూజామందసం, దాని పక్కనే కిటికీ దగ్గర యుకారి అత్తగారు తోమి కూర్చుని ఎండబెట్టడానికి తాళ్లకి తునికిపళ్లు గుచ్చుతోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, సముద్రం వచ్చిన ఏడాది నుంచీ చెవులు వినపడవని ఊరంతా అనుకుంటారు. హిసాయె వంగి నమస్కరిస్తే పెద్దావిడ ఓ నవ్వు నవ్వి మళ్లీ పళ్లలో పడిపోయింది.

హిసాయె అగరొత్తి వెలిగించింది. ఫోటోలో యసుహికో నవ్వుతున్నాడు. ముప్పై నాలుగేళ్ల కుర్రముఖం, కళ్లద్దాలు లేవు. ముందు గిన్నెలో అన్నం ఇంకా ఆవిరి కక్కుతోంది.

ముందుగదిలోకి వచ్చి కూర్చున్నారు. యుకారి టీ పోసింది.

"యుకారీ, డొంకతిరుగుడు నాకు చేతకాదు. నీకెవరైనా తోడు దొరికితే సంతోషించేవాళ్లలో నేను మొదటిదాన్ని. కానీ ఆ మనిషిని చిహారు చేత నాన్నా అనిపించకు. పిల్ల నలిగిపోతోంది."

యుకారికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"నాకు తోడా? పొద్దున్నే ఫ్యాక్టరీ, సాయంత్రం వంట, ఆదివారం మీ ఇల్లు. మధ్యలో మగవాణ్ని ఎక్కడ ఇరికించుకున్నానని అనుకుంటున్నారు, చేపల డబ్బాలోనా?"

"మరి పిల్ల చూసిన మనిషి ఎవరు?"

"పిల్ల ఎవర్నీ చూడలేదు."

"చూసింది. నల్ల ఫ్రేము కళ్లద్దాలు. పేపరు చదివేటప్పుడే పెట్టుకుంటాడు. మిగతాప్పుడు చొక్కాకి తగిలించుకుంటాడు. నాన్న అంది. నాన్న లాంటివాడు అనలేదు."

యుకారి టీ పోయడం ఆపింది. కూజా కింద పెట్టింది. లేచి వెళ్లి వెనకగది తలుపు నెమ్మదిగా జరిపి మూసింది. తిరిగి వచ్చి కూర్చుని చాలాసేపు టీ గిన్నె వంకే చూసింది. హిసాయె అడగలేదు. అడగకుండా కూర్చోవడం నాలుగేళ్లుగా నేర్చిన విద్య, అది ఇక్కడ పనికొచ్చింది.

"మొదటి ఏడాది, ఆకులు రాలే రోజుల్లో" అంది యుకారి చివరికి. "అప్పుడు రేకుల ఇళ్లలో ఉండేవాళ్లం. ఫోన్ మోగింది. ఎత్తితే మాట లేదు, ఓ దగ్గు వినపడింది. పెళ్లైన ఏడేళ్లూ పక్కన పడుకుని విన్న దగ్గు అది, నాకు తెలీదూ? 'యుకారీ, నేను' అన్నారు."

హిసాయె గోడకి ఆనుకుంది.

"ఏమన్నావు?"

"మీరు పోయారు అన్నాను. ఎండాకాలంలోనే మీ కర్మ అయిపోయింది, మీ అమ్మ మీ పేరున రోజూ అన్నం పెడుతోంది, మీరు పోయారు అన్నాను. అవతల ఏడుపు వినపడింది. ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేయలేదు. ఎక్కడున్నారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు."

హిసాయెకి కోపం అరికాళ్లలో మొదలై నెత్తికెక్కింది. ప్రతి ఏటా ఆ తేదీన, శవాలు దొరకనివాళ్ల భార్యలు రేవుగట్టు మీద వరసగా నిలబడి నీళ్లలోకి పువ్వులు వదులుతారు. ఆ వరసలో ఆమె పక్క చోటు యుకారిదే.

"నా పక్కన నిలబడ్డావు. నీ భర్త బతికున్నాడని తెలిసి, నా పక్కన నిలబడి పువ్వులు వదిలావు. నేను ఏడిస్తే నా వీపు నిమిరావు."

"ఏడ్చింది అబద్ధం కాదు హిసాయె గారూ. మీవారు సముద్రంలో పోయారు, మావారు రోడ్డు పట్టుకుని పోయారు. మిగిలిన నాకు ఏడుపు రాకూడదా?"

"నా బాధతో పోల్చకు."

"పోల్చను. చెప్పుకోవడానికి మీకు ఊరంతా ఉంది. నాకు ఎవరున్నారు?" యుకారి గొంతు తగ్గించి, మూసిన తలుపు వంక చూసింది. "అత్తయ్య కోసం దాచాను. పోయిన కొడుకైతే ఆవిడకి దేవుడు. పారిపోయిన కొడుకైతే? ఈ ఊళ్లో తల ఎత్తుకుని తిరగగలదా? ఆ మందసం ముందు కూర్చుని రోజూ ఎన్ని కబుర్లు చెబుతుందో మీకు తెలీదు. ఆ కబుర్లే ఆవిణ్ని బతికిస్తున్నాయి."

హిసాయె కోపం అలాగే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద దించాలో తెలియలేదు.

"మరి చిహారుకి ఎలా తెలిసింది?" అంది.

"అదే నా తల తిరుగుతోంది. నేను ఆయన్ని చూసి ఆరేళ్లైంది. కళ్లద్దాలు వచ్చాయని నాకే తెలీదు. నేను చెప్పలేదు, ఆయన ఇటు రాలేదు. మరి పిల్ల..."

వెనకగది తలుపు జరిగింది. తోమి నిలబడి ఉంది. చేతికి తునికిపండు జిగురు, మెళ్లో దారపు ముక్క.

"ఆ కళ్లద్దాలు కొనిపెట్టింది నేనే" అంది పెద్దావిడ.

యుకారి అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీకు వినపడుతుందా?" అంది. అంత పెద్ద సంగతిలోనూ ముందు ఆ ప్రశ్నే వచ్చింది పాపం.

"కావలసినవి వినపడతాయి. చెవిటిదాన్ని అనుకుంటే ఎవరూ ఏమీ అడగరు, అదో సుఖం." తోమి నెమ్మదిగా వచ్చి చాప మీద కూర్చుంది. "నెలనెలా కంటి ఆసుపత్రికని మొరియోకా పట్నం బస్సెక్కుతున్నానే, నా కంట్లో పొర ఎప్పుడో తీసేశారమ్మా. మొరియోకా అవతల ఆపిల్ తోటల్లో పని చేస్తున్నాడు వాడు. ఓ పండగనాడు తోటవాళ్ల ఫోన్ నుంచి నాకు చేశాడు. నువ్వు పనికి పోయి ఉన్నావు."

"మీకు తెలిసీ రోజూ ఆ మందసం ముందు అన్నం పెడుతున్నారా?"

"పెట్టకపోతే నీకు తెలిసిపోదూ? నీకు తెలిస్తే పిల్లని తీసుకుని పుట్టింటికి పోతావని భయం. నువ్వు నా కోసం దాచావు, నేను నీ కోసం దాచాను. ఒకే పొయ్యి దగ్గర ఒకే అబద్ధాన్ని ఇద్దరం వండుకు తిన్నాం."

యుకారి నవ్విందో ఏడ్చిందో హిసాయెకి తెలియలేదు. రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"వాడు ఎందుకు రాలేదు?" హిసాయె అడిగింది.

తోమి చేతి జిగురును దారంతో తుడుచుకుంటూ ఉంది. "వ్యాన్లో సరుకు వేసుకుని కొండదారిన పోతున్నాడట. వెనక అద్దంలో చూస్తే ఊరు లేచి వస్తోందట. దారిలో జనం చేతులెత్తారు. చేపలబజారు ముసలావిడ, బడి నుంచి వస్తున్న పిల్లలు, అందరూ తెలిసిన ముఖాలే. వ్యాన్ ఆపలేదు. ఆపి ఉంటే వాడూ పోయేవాడు, ఆ మాట నేను వాడికి వందసార్లు చెప్పాను. వినడు. 'ఆ పిల్లల తల్లులకి నా ముఖం ఎలా చూపించనమ్మా' అంటాడు. అలా ఒక రోజు, ఒక నెల, ఒక ఏడాది. పోయినవాళ్లలో వాడి పేరు చేరాక, ఇక అక్కడే ఉండిపోయాడు."

"సరే, వాడి సిగ్గు వాడిది. మరి చిహారు మాటేమిటి?" హిసాయె నిలదీసింది. ఈసారి అది మొరియో కోసం కాదు. "పిల్లని ఎందుకు తీసుకెళ్లారు అక్కడికి?"

"వాడు చూడాలన్నాడు. ఒక్కసారి అన్నాడు. పోయిన చలికాలం తీసుకెళ్లాను. ఇక ఆగలేదు. పిల్లకి ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. అన్నట్టే చెప్పలేదు, ఆదివారం ఇంట్లో మాత్రం..." తోమి ఆగింది. "కిందటి నెల వాణ్ని అడిగింది. 'అక్కడ అందరూ తమ నాన్న పోయాడని చెబుతారు, నేనేం చెప్పను' అని. 'ఎప్పుడూ చెప్పినట్టే చెప్పమ్మా' అన్నాడు వాడు."

హిసాయెకి రెంకా చాపిన చెయ్యి, చిహారు వెనక్కి లాక్కున్న చెయ్యి కళ్ల ముందు మెదిలాయి. అదన్నమాట. తల్లీతండ్రీ నిజంగా పోయిన పిల్ల పక్కన కూర్చుని తన చెయ్యి ఇవ్వడానికి దానికి మొహం చెల్లలేదు.

"తోమి గారూ, మీరు పెద్దవారు, ఈ మాట అంటున్నందుకు ఏమీ అనుకోవద్దు. మీ అబ్బాయి పారిపోయాడు, అది వాడి ప్రాణభయం, నేను తప్పు పట్టను. నువ్వు దాచావు యుకారీ, దానికీ ఓ కారణం ఉంది. కానీ ముగ్గురు పెద్దవాళ్లు కలిసి మోయలేని మూట తీసి పదేళ్ల పిల్ల నెత్తిన పెట్టారు. రెండువారాలకోసారి అది దిక్కులేని పిల్లల మధ్య కూర్చుని బతికున్న తండ్రిని చంపుకుంటోంది. దొంగనైపోయానని అనుకుంటోంది. అందుకే నన్ను అడిగింది, నిజంగా పోయిన పిల్లలే రావాలా అని."

యుకారి ముఖం మీదినుంచి చేతులు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నా వంగిన వీపు నిటారుగా అయింది. హిసాయె ఆ మనిషిని అలా నిటారుగా చూడటం అదే మొదలు.

"ఇవాళ చిహారు రాగానే నేను చెబుతాను" అంది యుకారి. "నాకు తెలుసని చెబుతాను. దాయక్కర్లేదని, దాని తప్పేం లేదని చెబుతాను. అత్తయ్యా, మీరూ పక్కన కూర్చోవాలి."

"కూర్చుంటాను" అంది తోమి.

"వచ్చే ఆదివారం సెత్సుకో గారి దగ్గరికి నేనే వస్తాను హిసాయె గారూ. చిహారుని ఇక ఆదివారం ఇంటికి రానిస్తారో లేదో..."

"తండ్రి లేకుండా ఆరేళ్లు పెరిగిన పిల్లే కదా అదీ. తీసుకురా." ఆ మాట అనడానికి తనకి అధికారం లేదని హిసాయెకి తెలుసు. తనే కట్టుబాటు తప్పి వచ్చింది. అయినా అనేసింది.

వచ్చిన పని అయింది. పిల్ల కోసమే వచ్చానని సెత్సుకో గారికి ఇప్పుడు కళ్లలోకి చూసి చెప్పగలదు. సంచీ తీసుకుని వాకిట్లోకి నడిచింది. బూట్లు వేసుకోవడానికి కూర్చుంది. ఎడమ బూటు వేసుకుంది. కుడిది చేతిలోనే ఉండిపోయింది. సరుకు వ్యాన్ రేవు నుంచి కొండదారి పట్టాలంటే ఆ ఇనపతలుపుల ముందు నుంచే పోవాలి.

వెనక్కి తిరక్కుండానే అడిగింది. "తోమి గారూ, ఆ వ్యాన్లో మీ అబ్బాయి ఒక్కడేనా?"

వెనక నుంచి జవాబు రాలేదు. వినపడలేదేమో అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. హిసాయె తిరిగి చూసింది. తోమి ఆమె వంక కాక, చేతిలోని దారం వంక చూస్తోంది. యుకారి అత్తగారి ముఖం వంక చూసి, "అత్తయ్యా" అంది నెమ్మదిగా.

"వ్యాన్ ఎవరి కోసమూ ఆపలేదన్నారు" అంది హిసాయె.

"చేతులెత్తినవాళ్ల కోసం ఆపలేదు." పెద్దావిడ గొంతు బాగా తగ్గిపోయింది. "అందరికంటే ముందే ఎక్కి కూర్చున్న మనిషి సంగతి వేరు. ఇనపతలుపులు మూసి, ఒళ్లంతా తడిసి, రేవు దగ్గరే ఎక్కాడట. కొండదారి మలుపు దాటేసరికి వ్యాన్లో మావాడొక్కడే. అక్కడ ఏం జరిగిందో నాకు వాడు ఇంతవరకూ చెప్పలేదు. అడిగితే లేచి తోటలోకి పోతాడు."

హిసాయె చేతిలోని బూటు ఎప్పుడు కింద పడిందో ఆమెకి తెలియదు.

"నేను వెళ్లిన ప్రతిసారీ వాడు నన్ను అడిగే మొదటి మాట చిహారు గురించి కాదమ్మా" అంది తోమి. "'మొరియో గారి భార్య ఇంకా ఆ ఊళ్లోనే ఉందా' అని అడుగుతాడు."